ఈశాన్యం మూల మూడడుగులు

నూకరత్నం కాళ్ళ కింద నత్తగుల్లలు పగులుతున్నాయి, పగిలినప్పుడల్లా లోపలి జిగట వేళ్ళ సందుల్లోకి ఎక్కుతోంది, ఆమె రెండు చేతులా కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ముక్కు మూసుకోవడానికి మూడో చెయ్యి ఇవ్వలేదు దేవుడు అని తిట్టుకుంటూ నడుస్తోంది. ఇది కాకినాడ చేపల మార్కెట్టే, కానీ బల్లల మీద చేపల బదులు వాళ్ళింటి హాల్లోని సామాన్లున్నాయి, గడియారం, టీవీ, పెళ్ళినాటి ఫొటో, అన్నిటి మీదా పల్చగా నాచు పట్టి ఉంది. తలెత్తి చూస్తే పైకప్పు నీళ్ళై కదులుతోంది, నాలుగు రోజులు మార్చని తొట్టెలో నీళ్ళలాగా పచ్చగా, పాచిగా. ఛీ, చచ్చినా ఈ కంపు వదలదు కాబోలు అనుకుంటుంది. చచ్చింది తను కాదని కాసేపటికి గుర్తొస్తుంది.

చచ్చినాయన ఎదురుగానే ఉన్నాడు. ఎనిమిది నెలల కిందట పోయిన ఆమె భర్త గవర్రాజు, పోర్టులో ముప్పై ఏళ్ళు క్రేను నడిపిన మనిషి, పొడవాటి సిమెంటు అరుగుకి ఒక కొసన మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, తన పాత క్యారేజీ గిన్నెలో నత్తల్ని ఒక్కొక్కటే కడుగుతున్నాడు.

"బుడ్డోడికి మేతేశావటే?" అంటాడు తలెత్తకుండా.

ఎనిమిది నెలల తర్వాత మొగుడు నోరు తెరిచి అడిగిన మొదటి మాట అది. ఎలా ఉన్నావని లేదు, తిన్నావా అని లేదు. ఆమెకు ఒళ్ళు మండుతుంది.

"ఏశానండీ బాబూ. మీరెళ్ళిన కాడ్నించీ నాకదే కదండీ ఉద్యోగం. నత్తలు కడగడం, పీతలు ఏరడం, వాడు నమిలి ఉమ్మేసిన తుక్కు చేత్తో తియ్యడం. అన్నం కలుపుకుంటే వేళ్ళు అదే కంపండి. ముద్ద దిగట్లేదు."

బుడ్డోడంటే చేప. ఆఫ్రికాలో ఏదో నదిలో ఉండే పఫర్ జాతి, భయపడితే బూరలా ఉబ్బుతుంది. ఆరేళ్ళ కిందట బొటనవేలంత ఉన్నప్పుడు గవర్రాజు నీళ్ళ కవర్లో పెట్టుకుని తెచ్చాడు, ఇప్పుడది అడుగున్నర దాటింది. మచ్చల ఒళ్ళు, మనిషి పళ్ళలాంటి పళ్ళు, ఒక కన్ను అటూ ఒక కన్ను ఇటూ తిప్పుతూ ఇంట్లో ఎవరు కదిలితే వాళ్ళనే చూస్తుంది. ఆ చూపంటే నూకరత్నానికి పరమ అసహ్యం.

"అరుగంతా ఖాళీయే కదా, కాళ్ళు చాపుకోండి," అంటుంది, ఎంత కోపంలో ఉన్నా చూడలేక.

"చాపితే అద్దం తగుల్తాది."

"అద్దమేంటండీ? అక్కడేం లేదు."

గవర్రాజు వేలు మడిచి ఉత్త గాలి మీద కొడతాడు. టక్‌మంటుంది.

అరుగు ఎప్పుడు లేచిందో, ఇద్దరూ ఇప్పుడు క్రేను పైనున్న చిన్న గదిలో ఎదురెదురుగా ఉన్నారు, మోకాళ్ళు మోకాళ్ళకు ఒరుసుకుంటున్నాయి, కింద ఎక్కడో సముద్రం పసుపుపచ్చగా నురగ కక్కుతోంది. "ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అని ఊరికే అనలేదే," అని నవ్వుతాడు గవర్రాజు. తర్వాత నవ్వు ఆపేసి, క్రేను ఎత్తాల్సిన బరువు చెప్పినంత జాగ్రత్తగా లెక్క చెబుతాడు.

"వాడి ఒళ్ళు అడుగున్నర. తొట్టె ఎడల్పు పదిహేనంగుళాలు. ఎనక్కి తిరగాలంటే తోక మడుచుకోవాలి. అసలైతే పొడుగు ఎనిమిదడుగులు, ఎడల్పు నాలుగు, అంతుండాలే అలాంటి చేపకి. లేకపోతే తేకూడదు. పెద్దది కట్టిద్దామనే తెచ్చాను. సిద్ధాంతి గారు నీకు గండమన్నాడు కదా మరి. ఈశాన్యంలో నీళ్ళు మూడడుగులు దాటితే ఇల్లాలికి గండమంట. చేపదేముంది, సర్దుకుంటాదిలే అనుకున్నాను."

దొంగకు తేలు కుట్టినట్టవుతుంది నూకరత్నానికి. గవర్రాజు క్యారేజీలో రెండో గిన్నె తీసి, పెరుగన్నం ముద్ద ఒకటి ఆమె నోట్లో పెడతాడు, బతికుండగా ఎప్పుడూ పెట్టని మనిషి. అది అన్నం కాదు, నత్త. నాలుక మీద కదులుతోంది, మింగబోతే గొంతులో అతుక్కుంటోంది. ఆమె వంగి కక్కుతుంది, కక్కినదాంతోపాటే మాటలూ వస్తాయి.

"సిద్ధాంతి గారికి ఆ మాట చెప్పింది నేనేనండి. మీరాయన్ని పిలిచే ముందురోజే నేనెళ్ళాను, అరటిగెలా, పంచెల చాపూ పట్టుకుని. తొట్టె మూడడుగులు దాటకూడదని చెప్పండి, మా ఆయన నా మాటయితే వినరు అన్నాను. గండం ఆయన సొంతంగా కలిపాడండి. నేను కాదన్లేదు. మీరు నాకోసం భయపడతంటే..." ఆమె మూతి కొంగుతో తుడుచుకుంటుంది. "బాగుందండి."

"ఎందుకే?"

"ఆ గోడకి సోఫా ఎయ్యాలని."

ఇప్పుడైనా తిడతాడేమోనని చూస్తుంది. తిడితే బాగుండును. గవర్రాజు పెద్ద బరువు దించినవాడిలా ఊపిరి వదులుతాడు.

"అయితే నీకు గండం లేదన్నమాట. హమ్మయ్య."

అప్పుడు మొదలవుతుంది ఆమెకు అసలైన వెగటు. ఇన్నాళ్ళూ చేప కంపు, తొట్టె కంపు అని ముక్కు మూసుకున్నది తననుంచి వస్తున్న వాసనకే. తన ఒళ్ళు తను వదిలించుకుని గిన్నెలా కడిగి బోర్లిద్దామన్నంత రోత పుడుతుంది.

"మరి నేను పోయి ఎనిమిది నెలలయింది కదే రత్నం," అంటాడు గవర్రాజు, కోపం ఏ కోశానా లేకుండా, నిజంగా తెలియకే అడుగుతున్నట్టు. "ఇంకా ఎవరికి గండమని ఉంచావు వాణ్ణి అందులో?"

గవర్రాజు పక్కకు తిరిగి, లేని అద్దం మీద వేలితో కొడుతూ ఉంటాడు. టక్. టక్. టక్.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. భోజనం చేసి అలా ఒరిగినది ఒరిగినట్టే నిద్రపోయింది. టక్‌మన్న చప్పుడు మాత్రం ఆగలేదు. కాళ్ళవైపు ఈశాన్యం మూల తొట్టెలో బుడ్డోడు తోక మడిచి వెనక్కి తిరుగుతున్నాడు, తిరిగిన ప్రతిసారీ మూతి అద్దానికి కొట్టుకుంటోంది. కొట్టుకుని కొట్టుకుని ఆ మూతి మీద ఒకచోట చర్మం తెల్లగా లేచిపోయి ఉంది. ఇన్నాళ్ళూ అదీ ఒక మచ్చే అనుకుంది నూకరత్నం.

తను పడుకున్నది తొట్టె పక్కనే, ఆ గోడకి వేసిన సోఫా మీదే. ముగ్గురు కూర్చునే ఎనిమిదడుగుల సోఫాలో ఒక కొసన, మోకాళ్ళు గడ్డానికి ఆనించి ముడుచుకుని ఉంది. మెల్లగా కాళ్ళు చాపింది. పూర్తిగా చాపినా ఏమీ తగల్లేదు, ఇంకా బోలెడు చోటు మిగిలింది.

లేచి, కొంగు దోపుకుని, సోఫా ఒక కొస పట్టుకుని వీధి గుమ్మం వైపు లాగడం మొదలుపెట్టింది. బుడ్డోడు తిరగడం మానేసి, రెండు కళ్ళూ ఆమె మీదే పెట్టి చూస్తున్నాడు.