కిటికీ ముందు కుందేళ్ళు

మంచు మీద జారిపడి తుంటికి దెబ్బ తగిలించుకున్న నాటి నుంచి కిసా అవ్వకు పక్కా, ఆ పక్కనున్న కిటికీ తప్ప వేరే లోకం లేకుండా పోయింది. రెండు నెలలు సరిగా తినలేదు. ఎవరైనా పలకరిస్తే ఊ అనేది, అంతే. అలాంటిది ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారుతుండగా కోడలు హరుయో వేడినీళ్ళు పట్టుకెళ్ళేసరికి ముసలావిడ లేచి కూర్చుని, అద్దానికి ముక్కు ఆనించి తనలో తనే నవ్వుకుంటోంది.

ఇంటి ముందు తోటలో నడుము లోతు మంచు మీద రెండు అడవి కుందేళ్ళు. ఒంటి నిండా తెలుపే. చెవుల కొసల్లో నలుపు లేకపోతే మంచుకూ వాటికీ తేడా తెలిసేది కాదు.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో రోజు కుందేళ్ళతోనే మొదలయ్యేది. రెండల్లా నాలుగయ్యాయి. అవ్వ వాటికి పేర్లు పెట్టింది. ఏ పనీ చెయ్యకుండా తోట నడిమధ్యన కూర్చుని అందరినీ చూసేది ఊరిపెద్ద. చెవి చిరిగిన ఆడది చిరుగుచెవి. వాటి ముచ్చట్లు చెబుతూ, తను ఏం తింటున్నదీ తెలియకుండానే రెండు గిన్నెల మీసో చారు తాగేసేది. అవ్వ కొడుకు సెంజిరో పొలం పనికి వెళ్తూ ఆ ఖాళీ గిన్నెలు చూసి, ఈ కుందేళ్ళు వైద్యుడి కన్నా నయం అనుకున్నాడు.

మార్చి వచ్చేదాకా అలాగే అనుకున్నాడు.

సెంజిరోకు యాభై తొమ్మిదేళ్ళు. ఆపిల్ రైతు. తండ్రి నాటిన పాత చెట్టు ఒకటి గాలివానకు నిలువునా చీలిపోతే, అది పూర్తిగా ఎండిపోకముందే దాని కొమ్మలతో పదకొండు అంట్లు కట్టి ఇంటి ముందు తోటలో పెద్ద చెట్ల మధ్య నాటాడు. ఆ రకం కాయలు పుల్లగా ఉంటాయని ఇప్పుడు ఎవరూ పెంచడం లేదు. ఆ పదకొండూ పోతే తండ్రి చేతి చెట్టు ఈ భూమి మీద ఇంకెక్కడా ఉండదు. ఒక ఉదయం వెళ్ళి చూస్తే నాలుగు మొక్కలకు బెరడు ఊడి తెల్లగా కనబడుతోంది. ఒకదానికైతే చుట్టూ కట్టు కట్టినట్టు కొరికేశాయి. అది బతకదు.

సెంజిరో ఆ మొక్క ముందు చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. తర్వాత కొట్టంలోంచి వల చుట్ట, గుంజలు బయటికి తెచ్చి పెట్టాడు. ఎల్లుండి తండ్రి పదమూడో ఏటి కర్మ. పెద్దల సమాధులకు వెళ్ళే హిగాన్ వారంలోనే అదీ పడింది. ఈలోగా, అంటే రేపు పొద్దున్నే తోట చుట్టూ వల కట్టేస్తానని తల్లికి చెప్పాడు.

అవ్వ వాదించలేదు. అలాగే కట్టమంది. కట్టాక తన పక్క వెనక గదిలోకి మార్పించమంది.

"వల చూడ్డానికి కిటికీ ఎందుకురా నాకు?"

అవ్వ దిండు మీదికి వాలుతూ మళ్ళీ అంది: "ఏటా కొండ మీద మంచు అక్కడక్కడా కరిగి కుందేలు ఆకారం తేలితే టోపీ తీసి దణ్ణం పెడతావు, విత్తనం వెయ్యమని చెప్పిందని. అదే కుందేలు కిందికి దిగొస్తే వల తెస్తావు."

ఆ పూట ముసలావిడ సగం అన్నం వదిలేసింది.

హరుయో కూడా ఊరుకోలేదు. పొయ్యి మీది కొత్త అన్నంలోంచి మొదటి ముద్ద తీసి ఇంట్లో బుద్ధుడి మందిరంలో, మామగారి పేరు రాసిన చెక్క ముందు పెట్టి, చిన్న గంట మోగించి, చేతులు జోడించినంతసేపు జోడించింది. తర్వాత ఇటు తిరిగి నెమ్మదిగా అడిగింది.

"ఏవండీ, మావయ్యగారు ఈ ముద్ద తిన్నట్టు మనం ఒక్కనాడూ చూళ్ళేదు. అయినా పెట్టడం మానం. కళ్ళెదుట తినేవాటికి మాత్రం వల కడతామా?"

తినేది నాన్న చెట్లనే కదా అన్నాడు సెంజిరో. ఇద్దరూ మందిరం వైపు చూశారు.

మర్నాడు ఇంకా మసక వెలుతురు ఉండగానే సెంజిరో తల్లి పక్కన వచ్చి కూర్చున్నాడు. చేతిలో రేకు డబ్బా, కర్ర. కుందేళ్ళు మొక్కల దగ్గరికి వస్తే మోగించి తరమాలని, అవి పోయాక గుంజలు పాతాలని. అవ్వ డబ్బా వైపు ఓరగా చూసి, దుప్పటి అంచు కాస్త అతని మోకాళ్ళ మీదికి జరిపింది.

ముందు ఊరిపెద్ద వచ్చింది. నుదుటి మీద అప్పుడే ఎండాకాలపు గోధుమరంగు మచ్చ తేలుతోంది. వెనకాలే చిరుగుచెవి, మరో రెండు. వాటిలో ఒక మగది చిరుగుచెవి చుట్టూ తిరుగుతూ మరీ దగ్గరికి వెళ్ళింది. చిరుగుచెవి ఒక్కసారిగా వెనక కాళ్ళ మీద నిలబడి ముందు కాళ్ళతో దాని మొహం మీద టపటపా వాయించింది. మగది నిలువెత్తున గాలిలోకి ఎగిరి, వెల్లకిలా మంచులో పడి, ఏమీ జరగనట్టు చెవి గోక్కుంది.

"మీ నాన్నా అంతే," అంది అవ్వ. "మొదట్లో నన్నిమ్మని అడగడానికి మా ఇంటికొచ్చి, మంచు కప్పేసిన కాలవలో పడ్డాడు. లేచి, నీళ్ళ లోతు చూస్తున్నానన్నాడు."

సెంజిరో పొట్ట పట్టుకుని నవ్వాడు. తండ్రిని తలచుకుని అతను నవ్వడం ఈ పన్నెండేళ్ళలో అదే మొదటిసారేమో. డబ్బా ఎప్పుడో పక్కకి దొర్లిపోయింది.

అప్పుడే ఒక సంగతి కంటబడింది. నాలుగు కుందేళ్ళూ అంటు మొక్కల పక్కనుంచే గెంతుకుంటూ వెళ్ళాయి, కానీ ఒక్కటీ ఆగలేదు. కొట్టానికి పోయే దారిలో కత్తిరించిన కొమ్మల కట్ట ఒకటి పడి ఉంది. నిన్న వలా గుంజలూ తీసేటప్పుడు బయటికి జారిపడినట్టుంది. నాలుగూ దాని చుట్టూ చేరి బెరడు ఒలుచుకు తింటున్నాయి. కాసేపటికి కొమ్మలు ఎముకల్లా తెల్లబడ్డాయి.

సెంజిరో అద్దానికి మరింత దగ్గరగా జరిగాడు. ఏటా చలికాలంలో కత్తిరించిన కొమ్మలు మంచు కరిగేదాకా పడినచోటే ఉండేవి. ఈ ఏడు కర్మకు చుట్టాలు, మంత్రాలు చదవడానికి బౌద్ధ గురువుగారు వస్తారు, తోట చూసి వంక పెట్టకూడదని, మార్చి రాకముందే ఒక్క పుల్ల మిగలకుండా ఏరి కట్టలు కట్టి కొట్టంలో పేర్చాడు. తండ్రి కోసమనే చేశాడు.

"అమ్మా, నాన్న కొమ్మలు కావాలనే వదిలేసేవాడా?"

"మరి బద్ధకమనుకున్నావా? కింద పుల్లలు దొరికితే కుందేళ్ళు మొక్కల జోలికి రావనేవాడు."

"ముందే చెప్పొచ్చు కదా."

"తోట అద్దంలా తుడిచానని ఊరంతా చెప్పుకుని మురిసిపోతున్నావు. నా మాట వినే ముఖమేనా అది?"

ఆ రోజు సెంజిరో గుంజలు పాతలేదు. వలను మూరెడు మూరెడు ముక్కలుగా కోసి ఒక్కో మొక్క మొదలుకీ చుట్టాడు. బతకదనుకున్నదానికి కూడా చుట్టాడు. అది అయ్యేసరికి చీకటి పడింది. కొమ్మలు మళ్ళీ తోటలో చల్లడం మర్నాటికి మిగిలిపోయింది.

మర్నాడు కర్మ. నల్ల కోటు తొడుక్కుని గురువుగారి కోసం ఎదురుచూస్తూ సెంజిరో పది నిమిషాలే నిలబడగలిగాడు. ఆ తర్వాత ఆ కోటుతోనే కొట్టంలోకి దూరి, మంచు బండి మీద కట్టలు వేసుకుని తోటలోకి లాక్కొచ్చాడు. అతని చెల్లెలు నొబుకో ఎర్ర చిక్కుడు పూర్ణం పట్టించిన బోతామోచి ఉండల పెట్టె పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి అన్నగారు మోకాళ్ళ లోతు మంచులో కొమ్మలు వెదజల్లుతున్నాడు.

"అన్నయ్యా, నాన్న కర్మ రోజున ఈ చెత్తేంటి?"

సెంజిరో ఏదో చెప్పబోయాడు. ఈలోగా కిటికీ తలుపు బర్రున జరిగింది. చలికి ఒక్క రెక్క కూడా తియ్యనివ్వని కిసా అవ్వ సగం బయటికి వంగి, చెయ్యి చాపి ఉంది.

"అక్కడ కాదురా. కొట్టం నీడన వేస్తే నాకేం కనబడుతుంది? ఇటు, ఇటు. ఇంకా ఇటు. నొబుకో, ఆ పెట్టె కింద పెట్టి నువ్వూ ఒక కట్ట పట్టు."

గురువుగారు వచ్చేసరికి అన్నాచెల్లెళ్ళిద్దరి నల్లబట్టలూ మంచుతో తెల్లబడి ఉన్నాయి. ఆయన అంగీ అంచు పైకెత్తి పట్టుకుని, కొమ్మల మధ్య అడుగులు వెతుక్కుంటూ ఇంట్లోకి వెళ్ళారు. కర్మకు వేళయిందని ఇంట్లోంచి హరుయో గంట మోగించింది. అయినా అవ్వ ఇంకో రెండు కట్టలు పడేదాకా ఎవర్నీ లోపలికి రానివ్వలేదు.