గేటు లేని సమ్మె

గుంటూరు శివారులో కోల్డ్ స్టోరేజీ పక్కనున్న రేకుల షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లు పొద్దున్నించీ మంచినీళ్లు ముట్టరు. తాగితే వెళ్లడానికి మరుగుదొడ్డి లేదు. వాళ్లలో సామ్రాజ్యం అనే ఆమెకు జ్వరమొచ్చి మూత్రంలో రక్తం పడ్డాక, తోటి కూలీ నాగజ్యోతి వాట్సాప్‌లో గ్రూపు పెట్టింది. మరుగుదొడ్డి కట్టేదాకా ఎవరూ పనికి పోకూడదని అందరూ ఒప్పుకున్నారు.

వాళ్లందరిలోకీ పెద్దదైన పున్నమ్మకు ఆ సమ్మె వింతగా తోచింది. చీరాలలో పొగాకు గ్రేడింగు చేసే వయసులో ఆమె జెండా పట్టుకుని కంపెనీ గేటు ముందు కూర్చున్న మనిషి. మేనేజరు బయటికొచ్చి మాట్లాడక తప్పేది కాదు. ఇప్పుడు ఎవరిళ్లలో వాళ్లు కూర్చుంటే వినేదెవరు?

ఎవరూ వినలేదు. షెడ్డుకు కూలీల్ని తెచ్చే మేస్త్రీ వీరబాబు మర్నాడే వేరే ఊళ్లనుంచి మనుషుల్ని దింపాడు. షెడ్డు యజమాని షావుకారు; ఆయన గుమాస్తానడిగితే, "మీరు మా కూలీలు కాదు, మేస్త్రీనడగండి" అన్నాడు. వీరబాబేమో, "షెడ్డు నాది కాదుగా!" అన్నాడు.

గ్రూపులో మాటలన్నీ ఎవరో మేస్త్రీకి చూపించారు. వారం తిరక్కుండా అందరికీ మళ్లీ పిలుపొచ్చింది, ఒక్క నాగజ్యోతికి తప్ప.

ఆ పొద్దున ఆమె క్యారేజీ పట్టుకుని రోడ్డు మీద నిలబడే ఉంది. కూలీల్ని తీసుకెళ్లే ఆటో ఆమెను దాటి పోయింది.

"ఒరేయ్ వీరబాబూ, ఆపరా! ఆ పిల్లేం పాపం చేసింది?" ఆటోలోంచి పున్నమ్మ అరిచింది.

డ్రైవరు పక్కనున్న వీరబాబు ఆటో ఆపించాడు. "నీకంత బాధగా ఉంటే నువ్వూ దిగు మామ్మా."

పున్నమ్మ చుట్టూ చూసింది. సామ్రాజ్యం తల వంచుకుంది. మిగతావాళ్లు మొహాలు తిప్పుకున్నారు. పున్నమ్మ దిగింది. ఆటో వెళ్లిపోయింది.

నాగజ్యోతి సంతోషిస్తుందనుకుంటే, ఎదురొచ్చి కోప్పడింది.

"ఎందుకు దిగావత్తా? నా పనెటూ పోయింది. నువ్వు లోపలుంటేగా వాళ్లని కూడగట్టేది! ఇప్పుడక్కడ నోరెత్తే మనిషే లేకుండా పోయింది."

"నిన్నొదిలేసి పనిలోకి పోనా? మేమెప్పుడూ అట్టా చేయలేదమ్మా."

ఇద్దరూ పత్తి తీతకు పోయారు. అక్కడి మేస్త్రీలూ వీరబాబు ఎరిగినవాళ్లే. కొన్నాళ్లకు ఆ పనీ పోయింది. షెడ్డు దగ్గర మరుగుదొడ్డి మాత్రం కట్టలేదు.

ఎండలు ముదిరాక సామ్రాజ్యం కాయల గుట్ట పక్కనే పడిపోయింది. ఆసుపత్రిలో చూడబోయిన పున్నమ్మ చెయ్యి పట్టుకుని, "ఆ రోజు నేనూ దిగాల్సిందక్కా" అంది.

"దిగి ఏం చేసేవాళ్లమే?" అంది పున్నమ్మ.

ఊరడించడానికి అన్న మాట కాదది. ఆమెకు నిజంగానే తెలియలేదు.