అందేటంత కిందికి

నేను ఒక నూలు చీరను. ఆ పొద్దున నా ఒక కొస అత్త చేతిలో, రెండో కొస కోడలి చేతిలో ఉన్నాయి. వాళ్ళ వాదన అప్పటికి రెండో రోజు. కోడలు నాంచారమ్మకి నేను బొంతకి కావాలి. పెద్దకూతురికి ఏడో నెల. పుట్టబోయే బిడ్డ కింద పరవడానికి ముప్పై ఏళ్ళు ఉతికి మెత్తబడ్డ నూలుకన్నా మంచిది ఎక్కడ దొరుకుతుంది? అత్త పోలమ్మకి నేను బడికి కావాలి. చిన్న మనవరాలు ఝాన్సీ చదివే బళ్ళో దేవసేన టీచరు, కథల పుస్తకాలు పెట్టడానికి జేబులు కుట్టి గోడకి వేలాడదీస్తానని, గట్టి పాత చీర ఒకటి పంపమని కబురు చేసింది. ఒకరికి నేను మెత్తన, ఇంకొకరికి గట్టి. ఇద్దరి మాటా నిజమే.

"పుస్తకాలకి గోనెసంచి చాలదా అత్తా?" అంది నాంచారమ్మ.

"గోనెసంచి ఇస్తే గోనెసంచిని చూసినట్టే చూస్తారే వాటిని," అంది పోలమ్మ.

చివరికి పోలమ్మే కత్తెర తెచ్చింది. పైటకొంగు వైపు రెండు గజాలు కత్తిరించి కోడలి భుజాన వేసింది. నాంచారమ్మ ఆ ముక్కని మడిచి ట్రంకుపెట్టెలో పెట్టి, గంప తీసుకుని ఉప్పు పండించే కొఠారుకి వెళ్ళిపోయింది.

నా పుట్టుక చీరాల దగ్గర ఒక గుంటమగ్గం మీద. మొగుడు నేస్తుంటే పెళ్ళాం కండెలు చుట్టేది. ఎర్ర గళ్ళు, నల్ల అంచు. కొడుకు ఏడుకొండల్ని బళ్ళో వేసిన రోజున కట్టుకోవడానికి పోలమ్మ నన్ను కొనుక్కుంది. ఏడుకొండలు నాలుగో తరగతితో ఆపేసి కొఠారుకి వెళ్ళాడు. నేను మాత్రం పోలమ్మ ఒంటిమీదే ఉండిపోయాను. ఉప్పు మళ్ళలో ఆమె మోకాళ్ళదాకా ఎగ్గట్టిన కుచ్చెళ్ళు నావే. ఆమె చెమటలో ఎంత ఉప్పో నాలోనూ అంత.

నన్నెందుకు బడికి ఇచ్చిందో ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఝాన్సీకి పదేళ్ళు. అయిదో తరగతి. కానీ చదవమంటే ఒక్కో అక్షరం దగ్గరా ఆగిపోతుంది. ఒత్తు కనిపిస్తే నోరు మూతపడుతుంది. పక్కవాళ్ళు కిసుక్కుమంటారు. చదివించే పీరియడ్ వస్తుందనగా ఆ పిల్లకి కడుపునొప్పి మొదలవుతుంది. వామునీళ్ళు తాగించీ తాగించీ, నొప్పి కడుపులో లేదని పోలమ్మకి అర్థమైంది. అక్షరం ముక్క రాని మనిషి, పుస్తకమంటే పిల్లకి పట్టిన భయాన్ని ఎలా వదిలించాలో తెలియక, తన దగ్గరున్నదేదో ఇచ్చింది.

టీచరు నన్ను రెండు మడతలు వేసి, నాలుగు వరసల్లో జేబులు కుట్టింది. పై అంచులోంచి వెదురు కర్ర దూర్చి, పిల్లలు నేలమీద కూర్చున్నా అందేలా కట్టబోయింది. చూడ్డానికి వచ్చిన తల్లులు గగ్గోలు పెట్టారు. అందరికన్నా ముందు గొంతెత్తింది పోలమ్మే.

"చదువుల తల్లిని కాళ్ళకి తగిలేటట్టు కడతారా టీచరమ్మా? పాపం తగలదూ?"

టీచరు ఏదో చెప్పబోయింది. ఆ ఊళ్ళో పుస్తకానికి పొరపాటున కాలు తగిలినా మూడుసార్లు కళ్ళకద్దుకుంటారు. ఆమె కొత్త మనిషి. ఊరుకుంది. నన్ను నల్లబల్లకన్నా ఎత్తున రెండు మేకులకి కట్టారు. అందంగా ఉంటాయని రంగు బొమ్మల పుస్తకాలు పై వరసలో పెట్టారు. ఎవరో చేమంతి దండ కూడా వేశారు. మనుషులకిదొక అలవాటు. దేన్నయినా గౌరవించాలనుకుంటే ముందు దాన్ని చేతికందకుండా చేస్తారు.

నెలన్నర గడిచింది. దండ వాడిపోయింది. పుస్తకాలు కొత్తగానే ఉన్నాయి. కావలసినవాళ్ళు అడిగితే టీచరు కుర్చీ ఎక్కి తీసి ఇచ్చేది. బాగా చదివే ముగ్గురు నలుగురు అడిగేవాళ్ళు. ఝాన్సీ అడగలేదు. పేజీకి రెండు ముక్కలు, పెద్ద బొమ్మ ఉన్న పుస్తకాలే ఆమె చదవగలిగినవి. అవి ఒకటో తరగతి వాళ్ళవి. అయిదో తరగతి పిల్ల లేచి, అందరూ చూస్తుండగా అది కావాలని ఎలా అడుగుతుంది? అన్నం బెల్లు కొట్టి గది ఖాళీ అయ్యాక వచ్చి, తల పైకెత్తి, పై వరసలోని ఒక పుస్తకం అట్టమీది ఒంటెని చూస్తూ నిలబడేది. మునివేళ్ళమీద లేచినా ఆమె చెయ్యి నా అడుగు జేబుల దాకానే వచ్చేది.

ఒకరోజు పోలమ్మ మనవరాలికి మజ్జిగ తెచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఆ పిల్లనీ, నన్నూ చాలాసేపు చూసింది.

"అడగొచ్చుగా టీచరుని?"

"అది చిన్నపిల్లలది నాయనమ్మా. నవ్వుతారు."

పోలమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టి టీచరు దగ్గరికి వెళ్ళింది. తను పైకి కట్టించింది తప్పని చెప్పి, తనే కిందికి దించుతానంది. అరవై దాటిన మనిషి కుర్చీ ఎక్కి ముడులు విప్పింది. నా అడుగు అంచు నేలని తాకేలా, గది మూలకి అడ్డంగా, కిటికీ పక్కన కట్టింది. మర్నాడు తల్లులు నిలదీస్తే, "కాలు తగిలితే కళ్ళకద్దుకుంటారు. చెయ్యే తగలకపోతే ఏం చేస్తారు?" అని ఒక్కటే అంది. బొమ్మల పుస్తకాలు అడుగు జేబుల్లోకి వచ్చాయి.

మూలకి కట్టడంతో నాకూ గోడకీ మధ్య ఒక పిల్ల పట్టేంత చోటు మిగిలింది. అందులోకి మొదట దూరింది ఝాన్సీయే. ఒంటె పుస్తకం తీసుకుని, నా వెనక మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నాలోంచి వడకట్టిన ఎండ ఆ పేజీమీద ఎర్రగా పడింది. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఆగుతూ చదివింది. ఒక ఒత్తు దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. తొందరపెట్టేవాళ్ళు లేరు. అయిదో పేజీలో ఒంటె బావిలోకి తొంగిచూసి, లోపల ఇంకో ఒంటె ఉందనుకుని దండం పెడుతుంది. ఝాన్సీ ఫక్కున నవ్వింది. పోలమ్మ కొంగుగా ఉన్నన్నాళ్ళూ పిల్లల ఏడుపులు తుడిచాను. పుస్తకం చూసి నవ్విన నవ్వు వినడం నాకదే మొదటిసారి.

ఆ తరవాత ఆ చోటు ఖాళీగా ఉన్న రోజు లేదు. పుస్తకాలు నలిగాయి. ఒకదాని అట్టకి చింతపండు మరక అంటింది. టీచరు ఆ మరక చూసి సంతోషపడింది. ఝాన్సీ కడుపునొప్పి ఎప్పుడు తగ్గిందో ఎవరూ గమనించలేదు.

ఏప్రిల్ ఆఖరుకి సెలవులొచ్చాయి. ఎండలు ముదిరితేనే ఉప్పు తేలుతుంది. బడి మూసే రోజులూ కొఠారులో పని పెరిగే రోజులూ ఒకటే. ఝాన్సీకి చిన్న గంప కొన్నానని ఏడుకొండలు చెప్పాడు. టీచరు సొంతూరు వెళ్ళేముందు పుస్తకాలు బీరువాలో సర్దడం మొదలుపెట్టింది. ఉతుక్కొస్తానని పోలమ్మ నన్ను ఇంటికి తెచ్చింది. రెండు నెలలు పుస్తకం ముట్టకపోతే పిల్ల మళ్ళీ మొదటికొస్తుందని ఆమె భయం. కొడుకుతో ఆ మాట అనడానికి రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది.

నన్ను ఉతికింది నాంచారమ్మ. బోరింగు దగ్గర నానబెట్టబోతూ చూస్తే, ఒక జేబులో సన్నటి పుస్తకం మిగిలిపోయి ఉంది. పక్కనే బోరింగు కొడుతున్న ఝాన్సీకి ఇచ్చి, ఏముందో చదవమంది. ఝాన్సీ చదివింది. ముసలి దొంగ ఒకడు ఒక ఇంట్లో దూరి, ఏడుస్తున్న పసిబిడ్డని ఊపుతూ తెల్లవారేదాకా ఉండిపోయిన కథ. రెండుచోట్ల ఆగింది, కానీ చదివింది. నాంచారమ్మ సబ్బు పక్కన పెట్టేసింది. దొంగ జోలపాడిన పేజీ మళ్ళీ చదవమంది. ఆ తరవాత నన్ను పిండకుండానే చాలాసేపు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. ఆరేశాక, ఎవరికీ చెప్పకుండా బడివైపు నడిచి వెళ్ళి వచ్చింది.

మర్నాడు పదిన్నరకి కొఠారు నుంచి అందరూ వచ్చి వసారాలో సద్దన్నానికి కూర్చున్నారు. పురిటికొచ్చిన పెద్దకూతురు గోడకి జారబడి ఉంది. పోలమ్మ మిరపకాయ తుంచుతోంది. నాంచారమ్మ మొగుడి కంచంలో ఉల్లిపాయ పెడుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"రేపట్నించి ఝాన్సీ కొఠారుకి రాదు. టీచరుతో మాట్టాడొచ్చా. బడి తెరిచేదాకా ఈ చీర మన వసారాలోనే ఉంటది. పుస్తకాలు సాయంత్రం తెచ్చుకోవాలి. పిల్లలొస్తారు, చదువుకుంటారు. ఝాన్సీ ఆ పుస్తకాల్ని చూసుకుంటది."

ఏడుకొండలు ముద్ద కలపడం ఆపాడు. "మరి దాని గంప?"

"నేను మోస్తా."

ఏడుకొండలు కాసేపు పెళ్ళాం వంక, కాసేపు ఝాన్సీ వంక చూశాడు. తరవాత తల వంచుకుని అన్నం తిన్నాడు.