మేనత్త అడిగిన సూది

ఫుసి ఆక్లండ్ నుంచి తన ద్వీపంలోని సొంతూరు నుకుఅలోఫాకు వచ్చిందని తెలియగానే, చర్చి హాల్లో చాపలు అల్లుతున్న ఆడవాళ్ళు ఆమెను చుట్టుముట్టారు. ఒళ్ళు తగ్గించే కొత్త సూదిమందును ఆక్లండ్‌లో ఇంకా పరీక్షిస్తున్నారు. ఆ పరీక్షకు ఒప్పుకున్నవాళ్ళలో ఫుసి ఒకతె.

"నొప్పిగా ఉంటుందా?"

"చీమ కుట్టినట్టే. కాకపోతే మొదట్లో ఒకటే వికారం."

"మానేస్తే మళ్ళీ ఒళ్ళొస్తుందా?"

"రావచ్చు. అదే తేల్చుకుంటున్నారు."

"కొందరికి ఉత్త నీళ్ళే ఇస్తారటగా! నీవీ నీళ్ళేనేమో?"

"ఎవరికి ఏది ఇస్తున్నారో మాకు చెప్పరు. నీళ్ళకే ఇంత చిక్కానంటే నా గొప్పే మరి!"

హాలంతా గొల్లుమంది. ఫుసి మాత్రం నవ్వు ఆపి అంది: "షుగరొచ్చి మా అమ్మకి కాలు తీసేశారు. మన ఒంటికి ఏ మందు పడుతుందో మనం ముందుకెళ్తేనే కదా తెలిసేది! అందుకే చేరాను."

అప్పుడు కుర్చీలోంచి టోకిలుపే గొంతు సవరించుకుంది. ఫుసి తండ్రికి అక్క ఆవిడ. మేనత్త అడిగాక ఆ ఇంట్లో కాదనడమన్నది లేదు. పందినడిగినా ఇచ్చారు, పెంచుకుంటానంటే ఫుసి తమ్ముణ్ణీ ఇచ్చారు.

"నీ దగ్గర ఇంకో సూది ఉందటగా. నాకియ్యి."

"ఇవ్వను అత్తయ్యా."

అల్లుతున్న చేతులన్నీ ఆగిపోయాయి.

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుసా?"

"తెలుసు. మీరు షుగర్ మాత్రలు మింగుతున్నారు. వాటితో పాటు ఇదీ పడితే ఏమవుతుందో ఇంకా ఎవరికీ తెలీదు. నాకైతే మాటిమాటికీ రక్తం తీసి చూస్తున్నారు, మీకెవరు చూస్తారు? నెట్‌లో అమ్మేవీ కొనకండి, ఆ సీసాల్లో ఏం పోస్తారో ఏమో! ఇంకేదైనా అడగండి, ఇస్తాను. అమ్మ పోయింది, మిమ్మల్ని కూడా పోగొట్టుకోలేను."

టోకిలుపే ఆమెను ఎగాదిగా చూసింది. ఉన్నట్టుండి తొడ చరిచి పకపకా నవ్వింది.

"చూశారటే! నా తమ్ముడి కూతురు నాకే ఎదురు చెప్పింది. ఈ ఊళ్ళో ఏ మగాడికైనా చేతనైందా? అచ్చం నా పోలికే!"

మర్నాడు పొద్దున్నే ఆవిడ, గౌరవంగా బయటికెళ్ళేటప్పుడు అక్కడివాళ్ళు కట్టుకునే మంచి చాపను నడుముకు చుట్టుకుని, షుగర్ చూపించుకోవడానికి ఫుసిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది. అక్కడ కనబడ్డ ప్రతివాళ్ళకూ చెప్పింది: "నా మేనకోడలు. మనవాళ్ళ కోసం కొత్తమందు పరీక్షలో చేరింది."

ఫుసి సిగ్గుపడలేదు. తలెత్తుకుని అత్త పక్కన నిలబడింది.