మంద నంబరులో లేని మనిషి

పాలసీసాలు వేడినీళ్లలో మరుగుతున్నంతసేపూ ఊనా పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. సరిగ్గా మరిగాయో లేదోనని ఒక భయం, మరిగినా చల్లారేలోపు ఏదైనా పడిందేమోనని ఇంకో భయం. పాప పుట్టినప్పటి నుంచీ ఇదే వరస. అత్తగారు పెగ్, బల్ల దగ్గర కూర్చుని రొట్టె పిండి కలుపుతూ, "నేను ఆరుగుర్ని ఆ కుళాయి నీళ్లతోనే పెంచాను తల్లీ. అందరూ గుమ్మం పట్టనంత అయ్యారు" అని నవ్వింది.

అప్పుడే భర్త డోనల్ బురద బూట్లతో గుమ్మంలో నిలబడ్డాడు. "ఊనా, ఆ ఫోన్లో కాస్త నొక్కెయ్. పొద్దున నాన్న వాగు పక్క పచ్చికలో పేడనీళ్లు చల్లాడు. తేదీ మాత్రం సెప్టెంబరుది వెయ్యి."

టీ పెట్టమన్నంత తేలిగ్గా అని వెళ్లిపోయాడు.

అది జనవరి. తడిసి ముద్దయిన నేల ఏమీ పీల్చుకోదు, ఒక్క వాన పడితే పేడంతా వాగులోకి జారిపోతుంది, అందుకే చలికాలంలో చల్లకూడదని నియమం. మామగారు డెనిస్‌కి అది తెలియక కాదు. కొట్టం కింద పేడ చేరే తొట్టిని ఆకులు రాలే కాలంలోనే ఖాళీ చేయాల్సింది. ఊరి కర్రబంతి ఆట, హర్లింగ్ మ్యాచుల్లో పడి వదిలేశాడు. ఇప్పుడది అంచు దాకా వచ్చింది. పోయిన ఏడాది ఊరి చర్చి హాల్లో అందరూ కూర్చుని ఒప్పుకున్నారు. ప్రతి పొలమూ, పశువుల యజమాని పేరు మీద సర్కారిచ్చే తన మంద నంబరు కింద, ఏం చల్లిందీ, ఎప్పుడు చల్లిందీ ఫోన్లో రాయాలి, దాన్ని పాలకేంద్రమూ, ఇళ్లకి వాగు నీళ్లిచ్చే నీటి సంఘమూ ఒకేచోట చూసుకోవాలి. వాగు దగ్గర ఏదైనా తేడా కనబడితే, నీటి సంఘం ఇంటింటికీ ఫోన్లో కబురు పెట్టాలి. ఆ రోజు అందరికంటే ముందు చెయ్యెత్తింది డెనిసే. గేటుకి పచ్చ బోర్డు కూడా ఆయనే స్వయంగా మేకులు కొట్టి తగిలించాడు, వాగుని కాచే పొలమని.

రాసేది మాత్రం ఊనా. ఏ దూడ ఏ ఆవుకి పుట్టింది, ఏ పచ్చికలో ఎరువెంత పడింది, ఏ కంచె మొక్కలు నరకకుండా పక్షులకి వదిలారు, అన్నీ ఆమె వేలు మీదుగానే వెళ్లేవి. పాపకి పాలిస్తూ ఒంటిచేత్తో నొక్కిన రోజులున్నాయి. పెళ్లయిన కొత్తలో, మంద నంబరు మీద తన పేరు కూడా చేర్చమని అడిగింది. డెనిస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "మందలో చేరాలంటే ఆవులకి కొట్టినట్టు నీ చెవులకి కూడా పసుపు బిళ్లలు కొట్టాలి అమ్మాయ్!" డోనల్ కూడా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అదే ఆమెకి ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అమ్మకి జబ్బు చేసి బడి మధ్యలో మానేసిన పిల్ల కదా, కాదనడానికి మాటలు ఎక్కడ వెతుక్కోవాలో అప్పట్లో తెలియలేదు. ఎవరైనా పొలం చూడటానికి వస్తే డోనల్ గర్వంగానే చెప్తాడు, "మా ఆవిడకి చదువు లేకపోయినా ఫోన్ మాత్రం టకటకా నొక్కుతుంది." అందులో మెచ్చుకోలుందో లేదో ఆమె ఎప్పుడూ తేల్చుకోలేకపోయింది.

ఫోన్ చేతిలోకి తీసుకుంది. సెప్టెంబరు అని నొక్కితే అయిపోతుంది. పచ్చ బోర్డు గేటుకే ఉంటుంది, ఇంట్లో భోజనాలు మామూలుగా సాగుతాయి. కానీ దిగువన కీలా ఇంట్లో కవల పిల్లలున్నారు, వాళ్లకీ నీళ్లలో పొడి కలిపిన సీసా పాలే. కీలా కూడా ఈ వేళకి తనలాగే పొయ్యి దగ్గర నిలబడి సీసాలు మరిగిస్తూ ఉంటుంది. నీళ్లలో కలిసిన ఎరువు మరిగిస్తే పోదని పాపని చూసిన నర్సు చెప్పింది. కీలాకి ఆ సంగతి తెలిసినా, ఈ నీళ్లలో అది కలిసిందని ఎవరు చెప్తారు? కిటికీ బయట మబ్బు కమ్ముకుంటోంది. ఊనా ఈవేళ్టి తేదీ వేసింది. వాగు పక్క పచ్చిక అని నొక్కింది. పొయ్యి ఆపి, సీసాల నీళ్లు పారబోసింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి. పెగ్ కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది. "వాగు నీళ్లు తాగకండి. పసిపిల్లలకి అసలు పట్టకండి." చదివి, లేచి, కెటిల్లో మరుగుతున్న నీళ్లు సింకులో ఒంపేసింది.

"ఎవడు చెప్పాడు వాళ్లకి?" డెనిస్ ఫోర్కు బల్ల మీద పడేశాడు.

డోనల్ ముఖం ఎర్రబడింది. "పాత తేదీ వెయ్యమన్నాను నాన్నా. తప్పు నొక్కి ఉంటుంది. పాప వచ్చాక దీనికి నిద్రే లేదు. పైగా తేదీల దగ్గర ఎప్పుడూ తికమకే."

డెనిస్ గొంతు తగ్గించాడు. ఆయన అంత మెత్తగా మాట్లాడటం ఊనా ఎప్పుడూ వినలేదు. "పోనీలే అమ్మాయ్. ఎవరికైనా అవుతుంది. సంఘానికి ఫోన్ చేసి పొరపాటైందని చెప్పు చాలు, తీసేస్తారు. నిన్నెవరేమంటారు?"

తల ఊపితే చాలు. తెలియని పిల్ల అని అందరూ జాలిపడతారు, డోనల్ భుజం తడతాడు, సాయంత్రం కీలా పిల్లలు ఆ నీళ్లతోనే కలిపిన పాలు తాగుతారు.

ఊనా పాపని ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

"ఫోన్ చేస్తాను మామయ్యా. పొరపాటు కాదని, తెలిసే నొక్కానని చెప్తాను. ఎవరు మాట్లాడుతున్నారని అడిగితే నా పేరే చెప్తాను."