అటక మీది ఉన్ని

ఆ ఏడు మా గొర్రెల ఉన్నికి వచ్చిన ధర కత్తిరించినవాళ్ల కూలికి కూడా చాలలేదు. మా ఊరు గోర్ చుట్టుపక్కల కొందరు దాన్ని పొలంలోనే కుళ్లబెట్టారు. నాకు మనసొప్పక మూటలు కట్టి షెడ్డులో పెట్టాను.

చలి మొదలయ్యే ముందు మా ఆవిడ నోయెలీన్‌ను డాక్టరుకు చూపించాను. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయనీ, పడకగది ఎప్పుడూ వెచ్చగా ఉండాలనీ, లేకపోతే ఆమెను ఇంట్లో ఉంచుకునే ఆశ వదులుకోవాలనీ చెప్పాడు. మాది తాత కట్టిన చెక్క ఇల్లు. హీటరు ఎంత పెంచినా వేడి అటకలోంచి ఆకాశానికి పోయేది. సీలింగు పైన, వేడి బయటికి పోకుండా ఆపే గాజు ఉన్ని పరిపించమని అందరూ అన్నారు.

అరచేతిలో వెన్న పెట్టుకుని నేతికి తిరగడమెందుకు అనుకున్నాను. దేవుడు గొర్రె ఒంటిమీద పెట్టింది చలికి కాపు కాదూ? నాలుగు రోజులు మోకాళ్ల మీద పాకుతూ, అటకంతా జానెడు మందాన మా ఉన్నే పరిచాను.

నిచ్చెన కింద నిలబడి పక్క పొలం మర్డాక్ అడిగాడు.

"కడిగావా?"

"మంచులో నిలబడే గొర్రెకు ఎవరు కడిగారు?"

"గొర్రె బయట పడుకుంటుందయ్యా ఆథల్. నువ్వు దాని కింద పడుకుంటావు."

నవ్వుకుంటూ వెళ్లాడు. నేను పట్టించుకోలేదు.

ఆ చలికాలమంతా భోజనానికి ముందు, తలమీది వెచ్చని కప్పుకోసం ప్రభువుకు వందనాలు చెప్పాను. బల్లకు అటువైపు నుంచి నోయెలీన్ ప్రతిసారీ ఆమెన్ అనేది. తన దగ్గు నా నిద్ర చెడగొడుతుందని చెప్పి, నన్ను వంటగది పక్క గదికి పంపేసింది.

భూగోళం దక్షిణపు కొసన ఉన్న మాకు జూలై అంటే నడిచలికాలం. ఆ నెల కరెంటు బిల్లు నిరుటికంటే ఒక్క డాలరూ తగ్గలేదు. నేను చూడనప్పుడు నోయెలీన్ హీటరు పెంచుతోందనుకున్నాను.

"నా కష్టమంతా అటకమీద పోసినా నీకు చాలదా? ఏ రాణిగారింట పుట్టావని?" అన్నాను.

ఆమె శాలువా దగ్గరగా లాక్కుంది. నేను వెళ్లి హీటరు రెండు గీతలు తగ్గించి వచ్చాను.

ఆగస్టు రెండో వారంలో అంబులెన్సు వచ్చి ఆమెను ఇన్వర్‌కార్గిల్ పెద్దాస్పత్రికి తీసుకుపోయింది.

దుప్పట్లు మార్చుదామని ఆమె గదిలోకి వెళ్లాను. తెర వెనక కిటికీ బెత్తెడు తెరిచి ఉంది. మూసుకుపోకుండా అందులో మడతపెట్టిన చర్చి పత్రిక. గట్టుమీద లోపలివైపే మంచు గడ్డకట్టి ఉంది.

ఆస్పత్రిలో ఆమె పక్కన కూర్చుని, కిటికీ ఎందుకు తెరిచిందో అడిగాను.

"గది వేడెక్కితే పైనుంచి జిడ్డుకంపు దిగేది," అంది, ఆగి ఆగి. "ఊపిరి ఆడేది కాదు. మందలో పడుకున్నట్టే. అరుపులొక్కటే తక్కువ."

"నాకేం తెలియలేదే."

"అరవై ఏళ్లు గొర్రెల మధ్య బతికిన ముక్కు నీది."

"చెప్పొచ్చు కదా."

"మూడు పూటలా దానికోసం దేవుడికి దణ్ణం పెడుతున్నావు. ఎలా చెప్పను?"

ఆ ఉన్ని అంతా నేనే దించాను. ఎండపొద్దున దాన్ని గొయ్యిలో వేస్తుంటే మర్డాక్ సాయం పట్టాడు. గాజు ఉన్ని పరిచే మనుషులు పొద్దున వచ్చి మధ్యాహ్నానికల్లా పని ముగించి వెళ్లారు.

నోయెలీన్ ఇక ఇంటికి రావడానికి వీల్లేదని డాక్టరు చెప్పాడు. పట్నంలో వృద్ధుల ఆశ్రమంలో ఉంది. ఆదివారాలు ఆరాధన ముగిశాక వెళ్లి చూసి వస్తాను. ఆమె గది వెచ్చగా ఉంటుంది.

నా వందనాలు నిజమైనవే. ఆమె ఆమెన్ నామీది ప్రేమతో అన్నదే. రెండూ విన్నవాడు మా ఇద్దరిలో ఒకరి చెవిలోనైనా ఒక్క మాట వేయలేకపోయాడా? అడగడం తప్పయితే క్షమించాలి.

ఇప్పుడు హీటరు ఒకటి మీద పెడితే ఇల్లంతా వేడి. బిల్లు సగం అయింది. భోజనానికి కూర్చుని రొట్టెకు వందనాలు చెబుతాను, మాంసానికి చెబుతాను. తలమీది కప్పు దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయి, కళ్లు తెరిచి తినడం మొదలుపెడతాను.