నా చేత అబద్ధమాడించిన నూకాలు

నేను ఒక బీపీ మిషన్ని. బ్యాటరీలు వేస్తే కూత పెట్టే ఇప్పటి రకాన్ని కాదండోయ్, గాజుగొట్టంలో పాదరసం పాకే పాతకాలపు సరుకుని. ఏదో ఊరి కార్ఖానాలో పుట్టి, ఇద్దరు డాక్టర్ల బల్లల మీద నలిగి, చివరికి ఈ సముద్రపొడ్డు పల్లెలోని ఆరోగ్య కేంద్రానికి చేరాను. ఆ డాక్టర్లు నాకేసి చూసేవారే గానీ, నా పట్టీ చుట్టుకున్న మనిషికేసి చూసిన పాపాన పోలేదు.

ఇక్కడి నర్సు ఎస్తేరు అలా కాదు. పెద్ద డాక్టరు వచ్చేది ఎప్పుడో. రోజూ రోగం చూసేదీ మందిచ్చేదీ ఈవిడే. ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తుంది. వల ఎలా పడింది, కోడలి అలక తీరిందా అని అడుగుతుంది. ఊపిరి కుదుటపడ్డాకే పట్టీ చుడుతుంది. అలాంటి చేతిలో పనిచేయడం నా అదృష్టం, ఎవరేమనుకుంటే నాకేం!

నేను అబద్ధమాడనని నాకు మహా గర్వం. దాన్ని అణిచింది ఎండుచేపలమ్మే నూకాలు. నెలనెలా రమ్మన్న రోజున ఠంచనుగా వచ్చి చెయ్యి చాపేది. నంబరు ఎప్పుడూ బుద్ధిగా ఉండేది. ఎస్తేరు మొహం విప్పారేది.

ఒకనాడు మనవరాలికి టీకా వేయించడానికి వచ్చింది నూకాలు. "ఎలాగూ వచ్చావుగా అత్తా" అంటూ ఎస్తేరు పట్టీ చుట్టింది. అమ్మో! రెండు వందల గీత దగ్గరే నాడి చప్పుడు మొదలైంది. ఎస్తేరు మళ్ళీ గాలి కొట్టి చూసింది, అదే గీత.

"ఇయ్యాల నా రోజు కాదు గదమ్మా, మాత్రలేసుకోనేదు" అంది నూకాలు తాపీగా. "నువ్వు రమ్మన్న రోజుకి వారం ముందునుంచీ ఏసుకుంతాను. నంబరెక్కువొస్తే నీ మొగం సిన్నబోతాది. అది నాను సూళ్ళేను."

ప్రేమే, కాదనను. ఆ ప్రేమతోనే ప్రాణం మీదికి తెచ్చుకుంది పిచ్చి మనిషి! నెలనెలా ఆవిడకు వంతపాడింది నేనే.

ఎస్తేరు కేకలెయ్యలేదు. డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పిన మాత్ర మింగించి, పడుకోబెట్టి పక్కనే కూర్చుంది.

"నా మొహం సంగతి అలా ఉంచత్తా. బుర్రలో నరం చిట్లితే కాలూ చెయ్యీ పడిపోతాయి. అప్పుడీ పిల్లని ఎవరెత్తుకుంటారు?"

 నూకాలు మనవరాలిని దగ్గరికి లాక్కుంది.

"రేపట్నుంచి తట్ట నెత్తికెత్తుకునే ముందే మాత్ర. ఇంక నీకు రోజు చెప్పను. ఎప్పుడు కనిపిస్తే అప్పుడే పట్టీ కడతాను" అంది ఎస్తేరు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పాదరసం ప్రమాదమని పైనుంచి మాటొచ్చింది. కూతపెట్టే కొత్త డబ్బా దిగింది, నేను బీరువా పైకెక్కాను. రేపో మాపో నన్ను పట్టుకుపోతారట, ఎక్కడికో తెలీదు. సరిగ్గా అప్పుడే, మిట్టమధ్యాహ్నం ఎండలో, తట్టతో సహా నూకాలు వచ్చింది. ఎవరూ రమ్మనలేదు.

"ఆ కొత్తది నాకొద్దు. నాను మోసం సేసింది పాతదాన్ని. దాన్నే దించు."

ఎస్తేరు నవ్వుతూ నన్ను దించి దుమ్ము తుడిచింది. మంచినీళ్ళిచ్చింది, కాసేపు కూర్చోబెట్టింది, పట్టీ చుట్టింది. నా పాదరసం మెల్లగా దిగింది. రెండు వందల దగ్గర చప్పుడు లేదు. ఇంకా దిగాను, లేదు. ఎక్కడ వినిపించాలో అక్కడికొచ్చాకే నాడి పలికింది. ఎస్తేరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇయ్యాల నా రోజు కాదమ్మా" అంది నూకాలు, గొప్పగా.